రెండు బోర్డులు: హోసూరు, కృష్ణగిరి సీమలో పరదేశి కంపెనీల వింతలు విశేషాలు

నిరుడు వేరే పనిమీద వెళ్లి హోసూరు బాగలూరు రోడ్డులో ఒక ఆడిటరు గదిలో కూర్చున్నాను. నా ముందు వరుసలో ఒక జపాన్ ఆయన, ఆయన పక్కన ఒక పెద్దావిడ. ఆమె ఇంటి మేడమీది రెండు గదుల్ని ఆయన ఆఫీసు కోసం అద్దెకు తీసుకున్నాడు. పాస్‌పోర్టు, బ్యాంకు పత్రాలు, సొంత దేశంలో ముద్రలు వేయించుకొచ్చిన కాగితాలు అన్నీ వరుసగా పేర్చి పెట్టుకున్నాడు. కంపెనీ పుట్టకుండా ఆగిపోయింది మాత్రం ఒక్క ఈబీ బిల్లు, అంటే కరెంటు బిల్లు దగ్గర.

రిజిస్టర్డ్ ఆఫీసు ఫలానా చోట ఉందని చూపాలంటే ఆ ఇంటి కరెంటు బిల్లో, నీటి బిల్లో, ఫోను బిల్లో జతచేయాలి. అది రెండు నెలలకు మించి పాతది కాకూడదు. తమిళనాడులో ఇళ్లకు కరెంటు బిల్లు వచ్చేదే రెండు నెలలకొకసారి. దానికితోడు బిల్లు మీద ఉన్న పేరు ఆమె భర్తది.

“చూడబ్బా, ఈయప్ప జపాను నుంచి వచ్చినా మా ఇంటాయన పేరుతో ఉండే బిల్లే కావల్లంట. ఆయన పోయి ఆరేండ్లయిందే!” అంది ఆమె.

“ఏం ఫరవాలేదమ్మా, పేరు మార్పించేద్దాం. అర్జీ నేను రాసిస్తా, మీ అబ్బాయిని ఈబీ ఆఫీసుకు పంపండి. బిల్లు రాగానే మీరు ఒక సంతకం పెడితే చాలు” అన్నాడు ఆడిటరు.

మాటలన్నీ తెలుగులోనే. జపాన్ ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. కోట్ల పెట్టుబడికి గడప ఆ ముసలమ్మ సంతకమే. ఆ రోజు నుంచి మా సీమకు వచ్చిన పరదేశి కంపెనీల సంగతులు ఎక్కడ కనబడినా రాసిపెట్టుకుంటున్నాను. వాటిలో కొన్ని ఇవి.

రిజిస్ట్రారు లేని కాలపు కంపెనీ

కృష్ణగిరిలో అడుగుపెట్టిన విదేశీ కంపెనీల్లో అన్నిటికంటే పాతది ఈస్ట్ ఇండియా కంపెనీ. దానికి నమోదు నంబరు లేదు. 1600 డిసెంబర్ 31న ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ వేసిన ముద్రే దాని రిజిస్ట్రేషన్. 1792లో శ్రీరంగపట్నం సంధి కింద టిప్పు సుల్తాన్ నుంచి, కృష్ణగిరి కలిసి ఉన్న బారామహల్ సీమ ఆ కంపెనీ చేతికి వచ్చింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ దానికి కలెక్టరయ్యాడు. ఆయన సహాయకుల్లో ఒకరు థామస్ మన్రో. తర్వాత రాయలసీమ జిల్లాల్లో, ఆపైన మద్రాసు రాజధాని అంతటా పాదుకున్న రైత్వారీ పద్ధతికి తొలి పాఠాలు మన్రో నేర్చుకున్నది ఇక్కడి చేలగట్ల మీదే. ఏడేళ్లు ఈ సీమలో తిరిగాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు.

మన దేశంలో కంపెనీలను నమోదు చేసే మొదటి చట్టం 1850లో వచ్చింది. అంటే నమోదు నంబరే లేని కంపెనీ పాలనలోనే కంపెనీల నమోదు చట్టం పుట్టింది. ఈస్ట్ ఇండియా కంపెనీ 1874 జూన్ 1న రద్దయింది. అది సైన్యపు గుర్రాల కోసం 1824లో మత్తిగిరిలో పెట్టిన ఫారం మాత్రం ఇప్పటికీ ఉంది, పశువుల క్షేత్రంగా.

లైసెన్సు రాజ్యానికి పేరుపెట్టినవాడు తొరపల్లివాడు

ఈ విశేషం హోసూరులోనే చాలామందికి తెలియదు. పరిశ్రమ పెట్టాలంటే లైసెన్సు, సరుకు తెప్పించాలంటే పర్మిట్, అమ్మాలంటే కోటా. ఆ కాలానికి ‘పర్మిట్ లైసెన్సు రాజ్యం’ అని పేరుపెట్టి దేశమంతా తిరిగి మాట్లాడినవారు చక్రవర్తి రాజగోపాలాచారి, అదే మన రాజాజీ. ఆయన 1878 డిసెంబర్ 10న పుట్టిన తొరపల్లి హోసూరుకు కూతవేటు దూరంలో ఉంది. 1959లో ఆయన పెట్టిన స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడు మన గోగినేని రంగా.

రాజాజీ 1972లో పోయారు. ఆయన పుట్టిన ఊరి చుట్టూ ఆ దశకంలోనే సిప్‌కాట్ పారిశ్రామికవాడ కంచెలు లేచాయి. తమిళనాడు ప్రభుత్వం 1971లో పెట్టిన ఆ సంస్థ, వెనకబడిన అప్పటి ధర్మపురి జిల్లాలో బెంగళూరుకు 40 కిలోమీటర్ల దూరాన ఉన్న హోసూరును ఎంచుకుంది. నేలలు చవక, రాయితీలు దండి, పెద్ద నగరం గంట ప్రయాణం. పెట్టుబడిదారుకు అంతకంటే ఏం కావాలి?

జతకట్టి వచ్చినవాళ్లు

1974 జనవరి నుంచి అమల్లోకొచ్చిన విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం, అదే ఫెరా, చాలా రంగాల్లో విదేశీయుల వాటాను 40 శాతానికి కట్టేసింది. అందుకే హోసూరుకు ఆ తొలి దశలో వచ్చిన పరదేశులు ఒంటరిగా రాలేదు. ప్రతివాళ్ల పక్కనా ఒక ఇక్కడి మనిషి ఉన్నాడు.

1980లో ఇక్కడ కర్మాగారం తెరిచిన అశోక్ లేలాండ్‌నే చూడండి. 1948లో అశోక్ మోటార్స్‌గా పుట్టింది. బ్రిటన్ లేలాండ్ వాటా తీసుకున్నాక 1955లో పేరు మారింది. పేరులోనే సంబంధం కుదిరినట్టు కనిపిస్తుంది, మొదటి సగం మనది, రెండో సగం వాళ్లది. వజ్రపు సానరాళ్లు చేసే వెండ్ట్ ఇండియాలో జర్మనీ వాళ్లు వాటా పట్టారు. మత్తగొండపల్లిలో హిందుస్థాన్ మోటార్స్‌తో కలిసి ఇంజన్లు చేయడానికి అమెరికా క్యాటర్‌పిల్లర్ వచ్చింది.

టీవీఎస్ వాళ్ల కథ ఇంకా గట్టిది. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ హోసూరులోనే పుట్టింది. ఇద్దరు కూర్చుని వెళ్లగలిగిన ఆ చిన్న బండి మీద మా ఊళ్లలో పాలక్యాన్లు, పూలబుట్టలు, పెళ్లికూతుళ్లు కూడా ప్రయాణం చేశారు. 1982లో జపాన్ సుజుకితో ఒప్పందం జరిగింది. 1984లో ఇండ్ సుజుకి మోటారు సైకిలు బయటికొచ్చింది. భారత, జపాన్ కంపెనీల పొత్తులో దేశంలో తయారైన మొదటి 100 సీసీ మోటారు సైకిలు అదే. 2001లో ఇద్దరూ విడిపోయారు. సుజుకి వెళ్లిపోయింది, కర్మాగారం, పనివాళ్లు, నేర్చుకున్న పని ఇక్కడే ఉండిపోయాయి. 2013లో జర్మనీ బీఎండబ్ల్యూ వెదుక్కుంటూ వచ్చింది కూడా ఆ నేర్చుకున్న పని కోసమే. తమ చిన్న మోటారు సైకిళ్లు ఇక్కడ చేయించుకుని లోకమంతటా అమ్ముతున్నారు. దాని కోసం హోసూరులో వాళ్లు కొత్త కర్మాగారం కట్టలేదు.

మిల్లీమీటరున్నర కూడా లేని గర్వం

మా హోసూరు పేరు లోకరికార్డుల్లో వినబడిందంటే అది టైటాన్ వల్ల. 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి పెట్టిన కంపెనీ ఇది. టాటా ఇండస్ట్రీస్, తమిళనాడు అనే మాటల మొదటి అక్షరాలతో ఆ పేరు వచ్చిందని చెబుతారు. వాచీ లోపలి యంత్రం చేసే విద్య ఫ్రాన్స్ ఎబోష్ అనే ఫ్రెంచి కంపెనీ నుంచి వచ్చింది. పనివాళ్లు మాత్రం చుట్టుపక్కల పల్లెల పిల్లలు. బడి ముగించి నేరుగా వచ్చినవాళ్లు. అంతకుముందు వాచీ విప్పి చూసినవాళ్లు వాళ్లలో ఎవరూ లేరు.

ఆ చేతులే 2002లో టైటాన్ ఎడ్జ్‌ను చేశాయి. మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు. లోపలి యంత్రం 1.15 మిల్లీమీటర్లు. మన పది రూపాయల నాణెం కంటే పల్చన! నీళ్లు చొరబడని వాచీల్లో లోకంలోకెల్లా పల్చనిదని కంపెనీ చాటింది. తర్వాత స్విట్జర్లాండులో, రష్యాలో ఇంకా పల్చని వాచీలు వచ్చాయి. 2024లో రష్యా వాచీకారుడు కొన్‌స్తాంతిన్ చైకిన్ 1.65 మిల్లీమీటర్ల వాచీని చూపించాడు. అది ఒక చేతిలో మలిచిన అపురూపం. బజారులో కొనుక్కుని రోజూ కట్టుకునే వాచీని మూడున్నర మిల్లీమీటర్లకు పల్చబరిచిన ఘనత మా పల్లెపిల్లలదని నేను ఎక్కడైనా గట్టిగానే చెబుతాను.

ఇటలీ విమానం, బేలగొండపల్లి చేను

తళి రోడ్డులో వెళ్తుంటే బేలగొండపల్లి దగ్గర రాగిచేల పక్కన 7,000 అడుగుల పైన పొడవున్న రన్‌వే కనిపిస్తుంది. అది తనేజా ఏరోస్పేస్ వాళ్లది. దేశంలో ప్రైవేటు రంగంలో విమానాలు తయారుచేసిన మొదటి కర్మాగారం ఇదే. 1990లలో ఇటలీలోని నేపుల్స్‌కు చెందిన పార్తెనావియా కంపెనీతో పొత్తు పెట్టుకుని, ఆరుగురు కూర్చునే రెండింజన్ల పీ68 విమానాన్ని ఇక్కడ చేశారు. ఆ పార్తెనావియా తర్వాత మూతబడింది. దాని ఆస్తులు 1998లో ఇంకో ఇటలీ కంపెనీకి పోయాయి. బేలగొండపల్లి రన్‌వే మాత్రం అక్కడే ఉంది.

ప్రయాణికుల విమానాలు మాత్రం హోసూరులో దిగవు. బెంగళూరు విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు మరో పెద్ద విమానాశ్రయం రాకుండా 2004లో కుదిరిన ఒప్పందం ఉంది. అయినా 2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం హోసూరుకు 2,000 ఎకరాల్లో విమానాశ్రయం ప్రకటించింది.

ఇరవయ్యొక్క అక్షరాల జాతకం

కంపెనీ పుట్టగానే దానికి 21 అక్షరాలు, అంకెలు కలిసిన ఒక గుర్తింపు వస్తుంది. దాన్ని సిన్ అంటారు. చదవడం తెలిస్తే అది జాతకచక్రమే. టైటాన్‌ది చూద్దాం: ఎల్ 74999 టీజెడ్ 1984 పీఎల్‌సీ 001456. ఎల్ అంటే షేరు మార్కెట్లో ఉన్నది. ఐదంకెలు వ్యాపారం ఏదో చెప్పేవి. 1984 పుట్టిన ఏడు. పీఎల్‌సీ అంటే పబ్లిక్ లిమిటెడ్. చివరి ఆరంకెలు నమోదు నంబరు. అశోక్ లేలాండ్‌ది 000105, పుట్టిన ఏడు 1948. ఎంత పెద్ద తలకాయో ఆ చిన్న నంబరు చూస్తేనే తెలుస్తుంది.

టైటాన్ నంబరులోని టీజెడ్ దగ్గర ఒక వింత ఉంది. తమిళనాడు కంపెనీలకు మామూలుగా టీఎన్ ఉంటుంది. కోయంబత్తూరు రిజిస్ట్రారు కింద ఉన్నవాటికి టీజెడ్. కృష్ణగిరి జిల్లా ఆ కోయంబత్తూరు కిందికే వస్తుంది. పక్కనే బెంగళూరు, గంటలో చేరిపోవచ్చు. కానీ హోసూరు కంపెనీల చిట్టా ఉండేది కొంగునాటి కోయంబత్తూరులో.

ఇంకో గుర్తు కూడా ఉంది. మన ప్రైవేటు కంపెనీలకు పీటీసీ అని పడే చోట, విదేశీ కంపెనీకి పిల్ల కంపెనీగా పుట్టినదానికి ఎఫ్‌టీసీ అని పడుతుంది. సిప్‌కాట్ వీధుల్లో గేటు పక్కన ఆ మూడక్షరాలు కనబడితే ఆ కంపెనీ తల్లి సముద్రానికి అవతల ఉందని అర్థం.

ఇప్పుడు ఒక పరదేశి ఏం చేయాలి?

1991 జులైలో తలుపులు తెరుచుకున్నాయి. 2000 జూన్ నుంచి ఫెరా పోయి ఫెమా వచ్చింది. ఇప్పుడు చాలా రకాల తయారీ రంగాల్లో విదేశీయుడు నూటికి నూరు శాతం వాటా ఉంచుకోవచ్చు, ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఒకప్పటి లక్ష రూపాయల కనీస మూలధనం నిబంధనను 2015లో తీసేశారు. పదిహేను లక్షల లోపు అధీకృత మూలధనం ఉంటే కేంద్రం నమోదు రుసుము అడగదు. స్టాంపు సుంకం మాత్రం కట్టాలి.

ప్రైవేటు కంపెనీకి ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు కావాలి. అందులో కనీసం ఒక డైరెక్టరు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు తగ్గకుండా భారతదేశంలో ఉన్నవాడై ఉండాలి. కంపెనీల చట్టం 149వ సెక్షను ఈ మాట చెబుతుంది. ఆ మనిషి భారత పౌరుడే కావాలని అందులో లేదు. ఇక్కడ ఉంటే చాలు, ఇక్కడి ఎండ, వాన తెలిసినవాడైతే చాలు. సింగపూరులోనూ ఇలాంటి నియమమే ఉంది.

కాగితాల విషయంలో ఒక ముచ్చట. తన దేశంలో కూర్చుని సంతకం పెట్టే విదేశీయుడు దాన్ని నోటరీ చేయించి, అపోస్టిల్ ముద్ర వేయించి పంపాలి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య చెల్లే ముద్ర అది. మన దేశం 2005లో అందులో చేరింది. తైవాన్ అందులో లేదు. కాబట్టి తైవాన్ వాళ్లు తైపేలోని మన కార్యాలయం దాకా వెళ్లి పత్రాలు ధ్రువీకరించుకోవాలి. అదే మనిషి వ్యాపార వీసా మీద వచ్చి హోసూరులో కూర్చుని సంతకం పెడితే ఆ సంతకానికి ఈ ముద్రలు అక్కర్లేదు. ముద్రల కోసం నెలలు తిరిగేకంటే ఒకసారి విమానమెక్కి రావడం మేలని ఆడిటర్లు చెప్పేది అందుకే.

తర్వాత అంతా స్పైస్ ప్లస్ అనే ఒక్క దరఖాస్తులోనే. పేరు, నమోదు, పాన్, టాన్ అన్నీ అందులోంచే వస్తాయి. దాన్ని పరిశీలించేది హర్యానాలోని మానేసర్‌లో ఉన్న కేంద్ర నమోదు కేంద్రం. పుట్టేది హోసూరులో, జననపత్రం మానేసర్ నుంచి, చిట్టా కోయంబత్తూరులో! సర్టిఫికెట్ వచ్చిందని పండగ చేసుకుని పడుకుంటే కుదరదు. 180 రోజుల్లో వాటా సొమ్ము బ్యాంకులో పడిందని తెలపాలి. విదేశం నుంచి డబ్బు వచ్చిన 60 రోజుల్లో షేర్లు ఇవ్వాలి, ఇచ్చిన 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకు లెక్క చెప్పాలి. ఎక్కువమంది జారిపడేది ఈ మెట్టు మీదే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రవాస భారతీయులు కూడా ఏకవ్యక్తి కంపెనీ పెట్టుకోవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నా చేతిలో భారత పాస్‌పోర్టు ఉంటే సరే. అమెరికా పౌరసత్వం తీసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది, ఓసీఐ కార్డు చూపినా పనికిరాదు.

లోకంలో ఎవరెంత తొందర?

ప్రపంచ బ్యాంకు 2020 నివేదికలో న్యూజిలాండుకు కంపెనీ మొదలుపెట్టడానికి అరరోజు పట్టేది, వెనిజులాకు 230 రోజులు. మన దేశానికి దాదాపు 18 రోజులు లెక్కేశారు. ఎస్తోనియా 2014 డిసెంబర్‌లో తన నేల మీద కాలుపెట్టని పరదేశులకూ డిజిటల్ నివాసం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ కార్డుతో హోసూరులో కూర్చుని అక్కడ కంపెనీ తెరవొచ్చు. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రం, విల్మింగ్టన్‌లో 1209 నార్త్ ఆరంజ్ వీధి అనే ఒక్క భవనం చిరునామాలో రెండు లక్షల ఎనభై అయిదు వేల కంపెనీలు ఉన్నాయని ఒకప్పుడు లెక్కతేలింది. ఆ భవనం ఒక్క అంతస్తుది!

ఆ చిరునామా విన్నప్పుడల్లా నాకు మా పెద్దావిడ ఈబీ బిల్లు గుర్తొస్తుంది. పేరు మార్పించి, సంతకం పెట్టి, మేడమీద తాళంచెవి ఇచ్చి, జపాన్ ఆయనకు పండక్కి ఒబ్బట్లు పంపే చిరునామా ఒకటుంటే కంపెనీ వేళ్లూనుతుంది.

ఎదురు ప్రయాణం

హోసూరు వాళ్లు పరాయి దేశపు కంపెనీని కొన్న సందర్భాలూ ఉన్నాయి. 1898లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన నార్టన్ మోటారు సైకిళ్ల కంపెనీ దివాలా తీసినప్పుడు, దాన్ని టీవీఎస్ 1.6 కోట్ల పౌండ్లకు కొంది. కొన్న చేతి పేరు ప్రాజెక్ట్ 303 బిడ్కో లిమిటెడ్. ఈ పని కోసమే బ్రిటన్‌లో వాడుకున్న కంపెనీ అది. ఒకప్పుడు లేలాండ్ వాళ్లు వాటా పట్టుకుని ఇక్కడికి వచ్చారు, ఇప్పుడు మనవాళ్లు అక్కడికి వెళ్లారు.

కొనుగోలు ప్రకటించిన తేదీ 2020 ఏప్రిల్ 17. సరిగ్గా అదే తేదీన మన ప్రభుత్వం, భూసరిహద్దు పంచుకునే దేశాల నుంచి వచ్చే పెట్టుబడికి ముందు అనుమతి తప్పనిసరి అని ఉత్తర్వు ఇచ్చింది. హోసూరు కంపెనీ పరదేశపు గడప దాటిన రోజే మన గడపకు ఒక గొళ్లెం పడింది.

టైటాన్ 2011లో ఫావ్రే లూబాను కొంది. 1737లో స్విట్జర్లాండులో పుట్టిన ఆ వాచీలు 1865 నాటికే బొంబాయికి వచ్చాయి. మన తాతల్లో కొందరి చేతులకు ఉన్నవి అవే. 2023లో ఆ పేరు మరో భారతీయ కంపెనీ చేతికి మారింది.

కొత్తగా లేస్తున్నవి

కృష్ణగిరి పక్కన కురుబరపల్లిలో తైవాన్‌కు చెందిన డెల్టా ఎలక్ట్రానిక్స్ కర్మాగారం ఉంది. పోచంపల్లి దగ్గర ఓలా 500 ఎకరాల్లో స్కూటర్ల కర్మాగారం కట్టి, ఏటికి కోటి బండ్ల లక్ష్యంతో లోకంలోకెల్లా పెద్దదవుతుందని 2021లో ప్రకటించింది. ఆ లక్ష్యం ఇంకా దూరంగానే ఉంది. చుట్టూ బెంగళూరా మామిడి తోపులు, మధ్యలో షిఫ్టు బస్సుల వరుసలు.

రెండో బోర్డు

డైరెక్టర్ల బోర్డులో ఇక్కడ ఉండే మనిషి ఒకరు తప్పనిసరి అని చట్టం చెప్పింది. గేటు మీది బోర్డు గురించి కూడా చెప్పింది. కంపెనీల చట్టం 12వ సెక్షను ప్రకారం ప్రతి ఆఫీసు బయటా పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా రాయాలి. రాసిన లిపి అక్కడి వాడుక భాషల్లో ఒకదానిది కాకపోతే, ఆ వాడుక భాషల్లో ఒకదాని లిపిలోనూ రాయాలి. తప్పితే రోజుకు వెయ్యి చొప్పున లక్ష రూపాయల దాకా జరిమానా.

హోసూరులో వాడుక భాషలు ఒకటి కాదు. తమిళం రాష్ట్ర భాష, బోర్డు మీద దాని చోటు దానిదే. తెలుగు, కన్నడం ఇక్కడి ఇళ్ల భాషలు. హోసూరు అనే పేరే కన్నడంలో కొత్త ఊరు. బేలగొండపల్లి, మత్తగొండపల్లి, కురుబరపల్లి, తొరపల్లి అని కంపెనీలు తమ చిరునామాల్లో రోజూ రాసుకునేవి ఈ ఇళ్ల మాటలే. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. పార్లమెంటులో వినబడిన భాష సిప్‌కాట్ గేటు మీద కనబడకూడదా?

కాబట్టి హోసూరు, కృష్ణగిరి ఆడిటర్లకు, కంపెనీ సెక్రటరీలకు నాదొక మనవి. పరదేశి కంపెనీ కాగితాలు సిద్ధం చేసేటప్పుడు గేటు బోర్డు నమూనా కూడా మీ చేతిమీదుగానే పోతుంది. తమిళం, ఇంగ్లీషు కింద తెలుగులో ఒక వరుస, కన్నడంలో ఒక వరుస రాయించండి. పెయింటరుకు అయ్యే ఖర్చు కొన్ని వందలు. మేడ అద్దెకిచ్చిన పెద్దావిడ తన ఇంటి మీది కంపెనీ పేరును తానే చదువుకోగలుగుతుంది.